పాలేరు దాటితే పరాయి రాజ్యం

హైదరాబాదు నుంచి విజయవాడకు వచ్చే రాత్రి బస్సు పాలేరు వంతెన దాటి గరికపాడు చేరేసరికి ప్రయాణికులలో అధికభాగం గాఢనిద్రలో ఉంటారు. జగ్గయ్యపేట దాటి చిల్లకల్లు టోల్‌గేటు దగ్గర బస్సు నెమ్మదించినప్పుడు నందిగామలో దిగవలసినవారు కళ్లు నులుముకుని సంచులు సర్దుకుంటారు. ఆ వంతెన మీద ఒకప్పుడు రెండు రాజ్యాలు ముఖాముఖి నిలిచాయని గాని, ఆ చిల్లకల్లు పొలిమేరలో తుపాకులు పేలాయని గాని గుర్తుచేసే ఆనవాలేదీ ఆ దారిలో మాకు కనిపించలేదు. ఆ సంవత్సరం 1948.

ఆ యేడు మొదలయ్యేనాటికి స్వతంత్ర భారతానికి ఏడాది నిండలేదు. జనవరి 30న గాంధీజీ హత్య జరిగింది. కాశ్మీరులో యుద్ధం సాగుతున్నది. జూన్ 21న మౌంట్‌బాటెన్ వెళ్లిపోగా రాజాజీ గవర్నర్ జనరల్ అయ్యారు. సెప్టెంబరు 11న కరాచీలో జిన్నా కన్నుమూశారు. అవన్నీ పత్రికలలో చదివి తెలుసుకున్న సంగతులు. జగ్గయ్యపేట, నందిగామ ప్రజలకు మాత్రం ఆ సంవత్సరం ఇంటి వాకిట్లోకే నడిచి వచ్చింది.

ఈ వ్యాసం రాయడానికి మమ్మల్ని పురికొల్పినది ఒక పసిబిడ్డ ప్రశ్న. సెప్టెంబరు 17 వచ్చిందంటే ఏటా ఒక రగడ. విమోచనమని కొందరు, విలీనమని కొందరు, విద్రోహమని మరికొందరు. 2022లో కేంద్ర ప్రభుత్వం ఆ రోజును విమోచన దినమని జరిపితే, అదే రోజును తెలంగాణ ప్రభుత్వం జాతీయ సమైక్యతా దినమని జరిపింది. 2024లో మరో ప్రభుత్వం ప్రజాపాలనా దినోత్సవమన్నది. ఈ రగడలో దొర్లే బొమ్మలూ మాటలూ సెల్‌ఫోనులో చూసి, బడి నుంచి వచ్చిన మా ఇంటి పిల్లవాడు ఒకడు, ‘రజాకార్లు అంటే మనవాళ్లేనా?’ అని అడిగాడు. అన్నం వడ్డిస్తున్న తల్లి చేయి ఆగిపోయింది. పెద్దలమైన మేము కూడా వెంటనే బదులు చెప్పలేకపోయాము. అవునంటే అబద్ధం, కాదని తేల్చివేస్తే అది కూడా నిజానికి చాలదు. కాబట్టి కాస్త వివరంగా చెప్పవలసి ఉన్నది.

ముందుగా ఈ నేల సంగతి. 1948లో నందిగామ తాలూకా మద్రాసు రాష్ట్రంలోని కృష్ణా జిల్లాలో ఉండేది. జగ్గయ్యపేట ఆ తాలూకాలోనిదే. అక్కడికి పాతిక ముప్పై కిలోమీటర్ల దూరాన ఉన్న కోదాడ నిజాం ప్రభువు ఏలుబడిలోని నల్లగొండ జిల్లాలోనిది. ఉత్తరాన మధిర నిజాం రాజ్యమే. పటంలో గీసిన గీత అంత సూటిగా ఉన్నా బాగుండేది. కాని ఇక్కడ రెండు విచిత్రమైన ద్వీపాలు ఉండేవి. కోదాడ దాటిన తరువాత, నాలుగు వైపులా నిజాం ఊళ్ల మధ్య మునగాల పరగణా కృష్ణా జిల్లాకు చెంది ఉండేది. దాని జమీందారు నాయని వెంకట రంగారావు. పరిపాలనకు సంబంధించినంతవరకు అది నందిగామ తాలూకాలోని భాగమే. ఈ పరగణాకు దివానుగా ఉండి తెలుగు విజ్ఞానానికి ఎంతో సేవ చేసిన కొమర్రాజు లక్ష్మణరావు పుట్టినది కూడా ఈ తాలూకాలోని పెనుగంచిప్రోలులోనే.

రెండవ ద్వీపం పరిటాల. నేడు హైవే మీద వెళ్లేవారికి నిలువెత్తు ఆంజనేయ విగ్రహంతో గుర్తుండే ఊరు అది. కంచికచర్లకు పక్కనే, నిండా కృష్ణా జిల్లా నడిబొడ్డున ఉన్నప్పటికీ పరిటాల, దాని చుట్టుపక్కల మరికొన్ని ఊళ్లు నిజాం సొత్తుగా ఉండేవి. కారణం వజ్రాలు. 1766లో ఉత్తర సర్కారులను ఈస్టిండియా కంపెనీకి అప్పగిస్తూ చేసుకున్న ఒడంబడికలో నిజాం అలీఖాన్ వజ్రపు గనులను, వాటికి చెందిన గ్రామాలను తన వద్దనే ఉంచుకున్నాడు. వజ్రాలు అడుగంటినా గీత మిగిలింది. దేశానికి స్వాతంత్ర్యం వచ్చాక పరిటాల వాసులు ఊరుకోలేదు. నిజాం పెత్తనం ఇక చెల్లదని ప్రకటించుకుని తమ ఊళ్లకు పరిటాల రిపబ్లిక్ అని పేరు పెట్టుకున్నారు. కొన్ని పల్లెలు కలిసి ఒక రిపబ్లిక్! నేడు వింటే చిరునవ్వు వస్తుంది గాని, ఆ రోజులలో అది నవ్వులాట కాదు.

ఈ గీతల నడుమ జనం ఎలా బతికారన్నదే మా పెద్దలు ఎక్కువగా చెప్పుకునేవారు. సరిహద్దు దాటితే నాణెం మారేది. ఇటు కల్దారు రూపాయి, అటు హాలీ సిక్కా. సుమారుగా ఇటు వంద రూపాయలకు అటు నూట పదహారు ఇవ్వవలసి వచ్చేది. నాకా దగ్గర కరోడ్‌గిరీ, అంటే సుంకం వసూలు చేసే జవాను బండి ఆపి మూటలు విప్పించేవాడు. మధిర సంబంధాలు నందిగామకు, కోదాడ సంబంధాలు జగ్గయ్యపేటకు అనాదిగా ఉన్నవే. హిందువులలోనూ అంతే, ముస్లిములలోనూ అంతే. పెళ్లివారి బండ్లు నాకా దగ్గర ఆగి, పెళ్లికూతురి పెట్టెలో ఉన్న కొత్త చీరలకు సుంకం కట్టి ముందుకు సాగేవి. మా దాదీ పుట్టిల్లు జగ్గయ్యపేట. ఆమె అక్కను, దాదీ ఆపా అని పిలిచే ఆమెను, కోదాడ దగ్గరి ఒక పల్లెకు ఇచ్చారు. ఆపా భర్త ఆ కరోడ్‌గిరీలోనే చిన్న జవాను. అతని సంగతి తరువాత చెబుతాము.

బ్రిటిషువారు వెళ్లిపోయే నాటికి హైదరాబాదు సంస్థానం జనాభా సుమారు కోటి అరవై లక్షలు. అందులో ముస్లిములు సుమారు ఎనిమిదింట ఒక వంతు. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ భారతదేశంలో చేరక స్వతంత్రంగా ఉండదలచాడు. 1947 నవంబరు 29న ఏడాదిపాటు అమలులో ఉండేలా ఢిల్లీతో యథాతథ ఒప్పందం కుదిరింది. దానికి నెల రోజుల ముందే, చర్చలకు వెళ్లనున్న ప్రతినిధుల ఇళ్లను రజాకార్లు చుట్టుముట్టి ప్రయాణాన్ని ఆపించారు. ప్రధాని ఛత్తారీ నవాబు తప్పుకోగా మీర్ లాయక్ అలీ ఆ పదవిలోకి వచ్చాడు. అసలు పగ్గాలు లాతూరు వకీలు ఖాసిం రజ్వీ చేతికి చిక్కాయి. ఒప్పందం మీద సిరా ఆరకముందే ఇరువైపులా ఫిర్యాదులు మొదలయ్యాయి. నిజాం ప్రభుత్వం భారత నాణేన్ని తన రాజ్యంలో నిషేధించి, పాకిస్తానుకు ఇరవై కోట్ల రూపాయల అప్పు ఇచ్చింది. భారత ప్రభుత్వం సరుకుల రాకపోకలను బిగించింది. కరాచీ నుంచి సిడ్నీ కాటన్ అనే వైమానికుడు చీకటిలో విమానాలు నడిపి హైదరాబాదుకు ఆయుధాలు చేరవేశాడు.

రజాకార్ అనే మాటకు అర్థం స్వచ్ఛందంగా సేవ చేసేవాడని. అంత మంచి మాటకు ఆ సంవత్సరంలో పట్టిన గతి మరే మాటకూ పట్టకూడదు. నల్లగొండ, వరంగల్లు జిల్లాలలో వారు చేసిన దోపిడీలు, గృహదహనాలు, హత్యలు, స్త్రీల మీద అత్యాచారాలు కట్టుకథలు కావు. 1948 ఆగస్టు 27న బైరాన్‌పల్లిలో గ్రామస్థులను వరుసగా నిలబెట్టి కాల్చిచంపారు. ఆ ఊరి బురుజు ఇప్పటికీ ఉన్నది. ఇది జరగలేదని గాని, శత్రువుల ప్రచారమని గాని మా పిల్లలకు చెబితే మేము న్యాయం తప్పినవారమవుతాము. చెప్పవలసినది మరొకటి కూడా ఉన్నది. ఆ పల్లెలలో రజాకార్లను పిలిపించి, మేపి, రైతుల మీదకు ఉసిగొల్పిన వారిలో హిందూ దేశ్‌ముఖులు ఉన్నారు. విసునూరు దేశ్‌ముఖు రామచంద్రారెడ్డి పేరు అందరూ ఎరిగినదే. ఆ దేశ్‌ముఖు మనుషుల చేతిలోనే, తన భూమి హక్కు కోసం కచేరీలో పోరాడి గెలిచిన షేక్ బందగీ అనే పేద ముస్లిం రైతు 1940లో హతుడయ్యాడు. ఆయన సమాధి దగ్గర హిందువులూ ముస్లిములూ కూడి ఉర్సు జరుపుకునేవారు. మఖ్దూం మొహియుద్దీన్ ఆ రైతు పోరాటానికి నాయకుడూ కవీ. భూమి తగాదాను మతం తగాదాగా మార్చినవారికి అందులో లాభం ఉన్నది; చచ్చినవారికి ఏమీ లేదు.

1948 వేసవి నుంచి పాలేరు ఇవతలికి బండ్లు రావడం మొదలయింది. ఎడ్లబండి మీద వడ్లబస్తా, దాని మీద ముసలితల్లి, బండి వెనుక దూడ. కోదాడ, హుజూర్‌నగర్, మధిర ప్రాంతాల వారు జగ్గయ్యపేటలోను, నందిగామలోను, ఇంకా కిందికి బెజవాడలోను తలదాచుకున్నారు. తోటలలో, సత్రాలలో, కళ్లాలలో ఎక్కడ చూసినా వారే. నిజాం మీద పోరాడే కాంగ్రెసువారు సరిహద్దు శిబిరాలు నడిపారు. కమ్యూనిస్టు దళాలు ఒకవైపు రజాకార్లతో, మరొకవైపు మద్రాసు ప్రభుత్వంతో తలపడుతున్నాయి. వారి పత్రిక ప్రజాశక్తిని ఆ ప్రభుత్వం ఆ యేడే ఆపించింది. వారిని పట్టుకోవడానికి మలబారు పోలీసులు కృష్ణా జిల్లా పల్లెలలో దిగారు. రాత్రి తలుపు తడితే, తట్టినది ఎవరో తెలియక గృహస్థు వణికిపోయే కాలమది.

ఇక సరిహద్దుకు ఇవతల ఉన్న మన ముస్లిముల స్థితి ఏమిటి? వీరు నిజాం ప్రజలు కారు. ఎన్నడూ ఆయన పన్ను కట్టలేదు, ఆయన ఉప్పు తినలేదు. దూది ఏకేవారు, బండి తోలేవారు, మిరప చేలకు కూలికి పోయేవారు, బజారులో చిన్న కొట్టు పెట్టుకున్నవారు. చాలామంది ఇళ్లలో మాట్లాడేది తెలుగే. పీర్ల పండుగకు ఊరంతా గుండం చుట్టూ కూడేది. అయినా ఆ వేసవిలో చూపులు మారాయి. దాదీ అప్పుడు పన్నెండేళ్ల పిల్ల. ఆ యేడు రంజాన్ జూలై రెండవ వారంలో మొదలై ఆగస్టు మొదటి వారంతో ముగిసింది. తండ్రి వాకిట్లో నీళ్లకుండ పెట్టించి, దారిన వచ్చేవారికి పోయడానికి దాదీని కూర్చోబెట్టేవాడు. తాను ఉపవాసం; ఎదుటివారికి నీళ్లు. ఒకనాడు బండి దిగి వచ్చిన ఒక స్త్రీ దోసిలి పట్టింది. దాదీ చెంబు వంచుతుండగా వెనుక గోడకు ఆరవేసిన బురఖా ఆమె కంటబడింది. దోసిలి చెదిరిపోయింది. నీళ్లు నేలపాలయ్యాయి. ఆమె ఒక్కమాట కూడా అనలేదట. చంకలోని పిల్లవాడు ఏడుస్తుంటే తిరిగి చూడక బండి దగ్గరకు వెళ్లిపోయిందట. ‘ఆమె నన్ను తిట్టి ఉంటే మరిచిపోయేదాన్ని’ అని దాదీ ఎనభై ఏళ్ల వయసులో కూడా అనేది.

ఆమె ఇల్లు కాలిపోయి ఉండవచ్చు. ఆమె మనిషి అక్కడే పడిపోయి ఉండవచ్చు. దాదీ తండ్రి ఆ సాయంత్రం కూతురిని ఓదార్చకుండా, ‘రేపు కుండ ఇంకొంచెం ముందుకు జరుపు, గోడ కనిపించకుండా’ అని మాత్రం చెప్పాడట.

హైదరాబాదు నగరంలో అదే వేళ ఒక యువకుడు తన కలంతో మరొక విధమైన నీళ్లకుండ పెట్టాడు. షోయబుల్లాఖాన్. ఇమ్రోజ్ అనే ఉర్దూ పత్రికకు సంపాదకుడు. అంతకుముందు ఆయన పనిచేసిన రయ్యత్ పత్రికను ప్రభుత్వం మూయించింది. రజాకార్ల దాష్టీకాన్ని ఉర్దూలోనే, వారికి అర్థమయ్యే భాషలోనే ఖండించి, హైదరాబాదు భారతదేశంలో చేరడమే ప్రజలకు మేలని రాశాడు. కొందరు ముస్లిం ప్రముఖులు రజాకార్ల దళాలను రద్దుచేయాలని కోరుతూ ప్రకటన చేస్తే దానిని ధైర్యంగా అచ్చువేశాడు. బెదిరింపులు వచ్చినా మానలేదు. ఆగస్టు 21 రాత్రి పని ముగించుకుని ఇంటికి వెళుతుండగా కాచిగూడ ప్రాంతంలో దుండగులు ఆయనను కాల్చి, రాసే చేతిని నరికారు. వెంట ఉన్న బావమరిది ఇస్మాయిల్‌ఖాన్ చేయి కూడా నరికారు. తెల్లవారేలోగా షోయబుల్లా మరణించాడు. వయస్సు ఇరవై ఎనిమిదేళ్లు. ‘రజాకార్లు మనవాళ్లేనా’ అని అడిగిన పిల్లవాడికి మేము మొదట చెప్పిన పేరు ఇదే. రజాకార్లు చంపినవారిలో మన మనిషి ఉన్నాడు. అతడు ఎందుకు చచ్చిపోయాడో తెలిస్తే ప్రశ్నే మారిపోతుంది.

సెప్టెంబరు 6న చిల్లకల్లు వంతు వచ్చింది. ఆ ఊరి దగ్గర ఉన్న భారత పోలీసు స్థావరం మీద రజాకార్లు పెద్దయెత్తున కాల్పులు జరిపారు. విచారించడానికి పూనా హార్స్ అశ్వదళానికి చెందిన ట్యాంకులను, గూర్ఖా రైఫిల్స్ సైనికులను పంపగా వారి మీద కూడా తుపాకులు పేలాయి. ట్యాంకులు రజాకార్లను తరుముకుంటూ సరిహద్దు దాటి కోదాడ దాకా వెళ్లాయి. అక్కడ నిజాం సైన్యపు సాయుధ కార్లు ఎదురునిలిచాయి. ఒకటి ధ్వంసమయింది, కోదాడలోని దళం లొంగిపోయింది. యుద్ధం ప్రకటించకముందే, వారం రోజుల ముందే, ఈ దారిలో యుద్ధం ఒకసారి జరిగిపోయిందన్నమాట. పెద్ద చరిత్రలలో ఈ సంఘటనకు రెండు మూడు వాక్యాలకు మించి చోటు దొరకదు. కోదాడలో ఆపా ఉన్న ఇంటివారికి మాత్రం అదే ప్రళయం.

సెప్టెంబరు 13, సోమవారం తెల్లవారుజామున సైన్యం నాలుగు వైపుల నుంచి కదిలింది. ప్రధాన దళం షోలాపూరు వైపు నుంచి మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి నాయకత్వంలో నడిచింది. తూర్పున బెజవాడ దారిలో వచ్చిన దళానికి మేజర్ జనరల్ ఎ.ఎ. రుద్ర అధిపతి. ఈయన ఢిల్లీ సెయింట్ స్టీఫెన్స్ కళాశాల ప్రిన్సిపాల్‌గా గాంధీజీకి మిత్రుడైన సుశీల్ కుమార్ రుద్ర కుమారుడు, క్రైస్తవుడు. ఎదుటి సేనలకు అధిపతి ఎల్ ఎద్రూస్, అరబ్బు వంశీకుడు. సేనాపతుల మతాలను ఇక్కడ చెప్పడం ఎందుకంటే, దీనిని రెండు మతాల యుద్ధంగా వినిపించేవారు ఈ వివరాలను వదిలివేస్తారు కాబట్టి. ఆ ఉదయమే కోదాడ చేతికి వచ్చింది. మధ్యాహ్నానికి దళం మునగాల చేరింది. ఒకనాటి ద్వీపానికి అంతటితో దారి తెరుచుకున్నది. సూర్యాపేట దగ్గర ప్రతిఘటన తగిలింది. వెనుదిరిగినవారు మూసీ వంతెనను కూల్చారు. 16న పారిస్‌లో ఐక్యరాజ్యసమితి భద్రతామండలి హైదరాబాదు ఫిర్యాదును చేపట్టేసరికే ఫలితం తేలిపోయింది. 17 సాయంత్రం నిజాం రేడియోలో యుద్ధవిరమణ ప్రకటించాడు. 18న ఎల్ ఎద్రూస్ చౌధురికి లొంగిపోయాడు. ఢిల్లీ దీనిని యుద్ధమనలేదు. పోలీసు చర్య అన్నది. జనం నోట అదే నిలిచింది.

మా ఇంటి కథ ఆ అయిదు రోజులలోనే ఉన్నది. ఇది పత్రాలలో ఎక్కినది కాదు. దాదీ నోటి నుంచి విన్నది. జగ్గయ్యపేటలో ఆమె పుట్టింటికి ఆనుకుని ఒక రైతు కళ్లం ఉండేది. ఆ రైతును దాదీ పెదనాయనా అని పిలిచేది, ఆయన దాదీ తండ్రిని సాయిబుగారూ అనేవాడు. రజాకార్లు ఊరు తగలబెట్టగా పారిపోయి వచ్చిన ఒక కుటుంబం రెండు నెలలుగా ఆ కళ్లంలోనే పాక వేసుకుని ఉన్నది. 14వ తేదీ చీకటి పడ్డాక దాదీ తండ్రి వెళ్లి, ‘మా పెద్దపిల్ల సంగతి తెలియడం లేదు’ అన్నాడు. ఆయన ఎక్కువ మాట్లాడలేదు. బండిలో వరిగడ్డి వేసి ఎడ్లను కట్టాడు. ‘మీరు రావద్దు సాయిబుగారూ, నేను పోతాను’ అన్నాడు. మరునాటి మాపటివేళకు ఆ గడ్డి కింద ఆపాను, ఇద్దరు పిల్లలను తెచ్చి దింపాడు. ఇంట్లో ఉంచితే వీధి వారి కంటబడుతుందని కళ్లంలోనే, ఆ కాందిశీకుల పాక పక్కనే మరొక పాకలో ఉంచారు.

ఒకే కళ్లంలో ఇద్దరు స్త్రీలు. ఒకరి ఇంటిని రజాకార్లు కాల్చారు. మరొకరు నిజాం జవాను భార్య. పదకొండు రోజులు ఎవరి పొయ్యి వారిది. ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు. పిల్లలు ఆడుకోబోతే ఇద్దరు తల్లులూ వెనక్కి పిలుచుకునేవారు. పన్నెండవ నాడు ఆ కుటుంబం తమ ఊరికి తిరుగు ప్రయాణం కట్టింది. బండి కదలబోయే ముందు ఆ ఇల్లాలు తన పాక ముందు మిగిలిన పిడకలను ఎత్తి ఆపా పొయ్యి దగ్గర పేర్చి, ఏమీ అనకుండా వెళ్లి బండి ఎక్కింది. కొన్నాళ్లకు కాని ఆపా ఆ పిడకలను ముట్టలేదని దాదీ చెప్పేది.

అందరికీ అటువంటి కళ్లం దొరకలేదు. పోలీసు చర్య సమయంలోను, తరువాతి వారాలలోను సంస్థానంలో ముస్లిముల మీద జరిగిన హింస గురించి ఢిల్లీకి వార్తలు చేరడంతో నెహ్రూ ఒక బృందాన్ని పంపారు. పండిత సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీ అందులోని సభ్యులు. ఖాజీసాహెబు హైదరాబాదులో పయాం పత్రికను స్థాపించినవారు. 1948 నవంబరు 29 నుంచి డిసెంబరు 21 వరకు పదహారు జిల్లాలలో తొమ్మిదింటిలో తిరిగి, అయిదు వందలకు పైగా మనుషులను విచారించారు. మృతులు తక్కువలో తక్కువ 27,000 నుంచి 40,000 దాకా ఉంటారని వారి అంచనా. అన్నిటికంటె ఎక్కువగా నష్టపోయినవి ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు జిల్లాలు. నల్లగొండ, వరంగల్లు వంటి తూర్పు జిల్లాల పేర్లు ఆ నాలుగింటిలో లేవు. భూమి కోసం కలిసి పోరాడినవారు ఒకరినొకరు గుర్తుపట్టగలిగిన చోట కత్తి కొంత ఆగిందని మా అభిప్రాయం. కొన్నిచోట్ల సైనికులు, పోలీసులు కూడా దోపిడీలో పాల్గొన్నారని రాసిన ఆ నివేదికే, ముస్లిం పొరుగువారిని ప్రాణాలకు తెగించి కాపాడిన హిందువులను గురించి కూడా రాసింది.

ఆ నివేదికను ప్రభుత్వం బయటపెట్టలేదు. దశాబ్దాల పాటు అది కాగితాల కట్టలో ఉండిపోయింది. 2013లో ఎ.జి. నూరానీ తన గ్రంథంలో దానిని ప్రచురించాక కాని సాధారణ పాఠకుడి చేతికి రాలేదు. దాచిన కాగితం నిజాన్ని దాచలేదు, పుకారును పెంచింది. ఒకరు లక్షలన్నారు, మరొకరు అసలు ఏమీ జరగలేదన్నారు. అరవై ఐదు ఏళ్లు మన ఇళ్లలో ముసలివారు గొంతు తగ్గించి చెప్పుకున్న మాటలకు, ఆ అంకెలు ఆనాడే అచ్చయి ఉంటే, ఒక హద్దు ఏర్పడి ఉండేది. బైరాన్‌పల్లి బురుజు దగ్గర తలవంచగలిగినవారే ఉస్మానాబాదు మృతుల కోసం కూడా తలవంచగలుగుతారు. ఒకదాన్ని మాత్రమే చెప్పేవారి దగ్గర మా పిల్లవాణ్ణి కూర్చోబెట్టడానికి మాకు మనసొప్పదు.

గీతల సంగతికి వస్తే, అవి ఎన్నిసార్లు చెరిగి ఎన్నిసార్లు పుట్టాయో! పరిటాల కృష్ణా జిల్లాలో కలిసిపోయింది. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక మునగాల నల్లగొండ జిల్లాకు మారింది. 2014 జూన్ 2న పాలేరు మళ్లీ రెండు రాష్ట్రాలకు హద్దయింది. 2020 మార్చిలో కరోనా లాక్‌డౌన్ విధించినప్పుడు హైదరాబాదు నుంచి ఇళ్లకు వస్తున్న పిల్లలను గరికపాడు చెక్‌పోస్టు దగ్గర ఆపితే, రాత్రంతా రోడ్డు మీదే ఉండిపోయారు. ఆ వార్త టీవీలో చూస్తూ మా ఇంటి పెద్దావిడ ఒకరు ‘నాకా మళ్లీ వచ్చిందా?’ అన్నది. 2022లో జగ్గయ్యపేట, నందిగామ కృష్ణా జిల్లా నుంచి విడిపోయి ఎన్‌టీఆర్ జిల్లాలో చేరాయి.

ఆపా భర్త సంగతి చెబుతామన్నాము. సైన్యం వచ్చినప్పుడు అతడు ఇంట్లో లేడు. నెల దాటాక, చిక్కి శల్యమై, అత్తవారింటికి నడిచి వచ్చాడు. ఆ యేడు బక్రీద్ అక్టోబరు మధ్యలో వచ్చింది. పండుగ ముగిశాక భార్యాపిల్లలను వెంటబెట్టుకుని కోదాడకు బయలుదేరాడు. దాదీ కూడా తోడు వెళ్లింది. పాలేరు దాటాక నాకా అలాగే ఉన్నది. వెదురుగడ అలాగే ఉన్నది. హాలీ సిక్కా కూడా ఇంకా చెల్లుతూనే ఉన్నది. దాన్ని పూర్తిగా ఉపసంహరించడానికి మరికొన్నేళ్లు పట్టింది. మారినది గడ దగ్గర నిలబడ్డ మనిషి. కొత్త జవాను బండి ఆపి, మూటలు విప్పమన్నాడు. ఆపా భర్త తానే దిగి, ఒక్కొక్క ముడీ విప్పి, లోపలి గుడ్డలను దులిపి చూపించి, ఎలా ఉన్నవి అలాగే మళ్లీ కట్టాడు. ఆ పనిలో అతని చేతులకు ఎంత వాటం ఉన్నదో దాదీ ఎప్పుడూ చెబుతుండేది. ఆ వేసవిలో అందరినీ చేరమన్నప్పుడు అతడు కూడా రజాకార్లలో చేరాడా అని మేము ఒకసారి అడిగాము. దాదీ తమలపాకుకు సున్నం రాస్తూ ఉండిపోయింది. ఆపాను అడిగే ధైర్యం తనకు ఎన్నడూ రాలేదని చాలాసేపటికి చెప్పింది.